గోడ పగలకముందే ఔట్‌డోర్‌కు చోటు చూడండి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో, నాగోలు దగ్గర 150 గజాల్లో కట్టిన ఇల్లు. కింద అద్దెకిచ్చి పై అంతస్తులో మేముంటాం. పన్నెండేళ్ల తర్వాత ఇప్పుడు ఇల్లు బాగు చేయించుకుంటున్నాం. ముందున్న బాల్కనీని అద్దాలతో మూసి, మా అమ్మాయికి చదువుకునే గదిగా మార్చాలని అనుకున్నాం. తంటా ఏమిటంటే మా రెండు ఏసీల ఔట్‌డోర్ యూనిట్లూ ఆ బాల్కనీలోనే ఉన్నాయి. ఒకటి గృహప్రవేశం అప్పుడు కొన్న ఒక టన్ను ఏసీ. రెండోది మా మామగారి గదికి నాలుగేళ్ల కిందట పెట్టిన ఒకటిన్నర టన్నుల హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ. ఆయనకు మోకాళ్ల నొప్పులు, చలికాలం రాత్రిళ్లు వేడి గాలి పెట్టుకుంటారు. మేస్త్రీ ఏమో "వాటిని కదపకండమ్మా, చుట్టూ అలమారాలా కట్టి జాలీ పెట్టేస్తా" అంటున్నాడు. మా మరిది పక్క సందులోకి మార్చమంటాడు, అటేమో పక్కింటివాళ్ల పడకగది కిటికీ ఉంది. మెకానిక్ డాబా మీదికి ఎక్కించి గ్యాస్ మొత్తం కొత్తగా నింపాలంటున్నాడు. నిజంగానే గ్యాస్ పోతుందా? పైపులు గోడలో దాచేయొచ్చా? దసరా వెళ్లగానే పగలగొట్టడం మొదలు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, డాబా అన్న మెకానిక్ మాట వినండి. గ్యాస్ మొత్తం నింపాలన్న అతని మాట మాత్రం వినకండి. మేస్త్రీ చెప్పింది అసలు వద్దు. మీ మరిది చెప్పినదాంట్లో కొంత న్యాయం ఉంది కానీ మీ సందుకు అది పనికిరాదు.

అయితే వీటన్నిటికంటే ముందు మీరు చేయాల్సిన పని ఇంకొకటుంది. మేస్త్రీ సుత్తి ఎత్తకముందే మెకానిక్‌ను ఇంటికి పిలిచి, మేస్త్రీని కూడా పక్కన నిలబెట్టి, ఔట్‌డోర్ ఎక్కడ కూర్చుంటుందో, పైపు ఏ దారిన పోతుందో గోడ మీద సుద్దముక్కతో గీయించండి. నేను ముప్పై ఏళ్లు ఈ ఏసీల పనిలోనే ఉన్నాను. ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు మమ్మల్ని పిలిచేది ఎప్పుడో తెలుసా? పెయింటు ఆరాక. అప్పుడు వచ్చి కొత్త గోడకు బెజ్జం కొడితే ఇల్లంతా మా మీద పడుతుంది. యూనిట్ దించి ఇంకోచోట ఎక్కించడం ఒక పూట పని. దానికి చోటు, దారి ముందుగా చూసుకోకపోతే ఆ పూట పని నెలరోజుల గొడవ అవుతుంది. మీ పనిలో మెకానిక్ మూడుసార్లు రావాలి: గ్యాస్ లాక్ చేసి యూనిట్లు దించడానికి ఒకసారి, గోడలు తెరిచి ఉన్నప్పుడు పైపు వేయడానికి ఒకసారి, రంగులయ్యాక బిగించడానికి ఒకసారి. మాట్లాడుకునేటప్పుడే మూడు రాకలకూ కలిపి రేటు మాట్లాడుకోండి.

ఇక మేస్త్రీ గారి అలమారా సంగతి. చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ ఔట్‌డోర్ యూనిట్ చేసే పనేమిటి? గదిలోని వేడిని లాగి బయటికి విసరడం. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా నడుస్తున్నప్పుడు గదిలోంచి తీసే వేడి సుమారు 5 కిలోవాట్లు. దానికి అది తాగే కరెంటు మరో కిలోవాటున్నర తోడవుతుంది, అదీ చివరికి వేడిగానే బయటపడాలి. మొత్తం ఆరున్నర కిలోవాట్ల దాకా. స్నానాల గదిలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు మూడు ఒకేసారి వేసి, ఆ వేడినంతా మీ అమ్మాయి చదువుకునే గదిలోకి వదిలినట్టు లెక్క. గదికీ అలమారాకూ మధ్య ప్లైవుడ్ ఉంటుంది కదా అంటారేమో. ప్లైవుడ్ వేడిని ఆపదు, కాస్త ఆలస్యం చేస్తుంది, అంతే.

అసలు నష్టం యూనిట్‌కు. ఏసీ మీద రాసే టన్నుల లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. మన మే నెలలో నీడలోనే 42 దాకా పోతుంది. అలమారాలో పెడితే తాను వదిలిన వేడిగాలినే మళ్లీ తానే పీల్చుకుంటుంది, లోపల 50 దాటిపోతుంది. అప్పుడు గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ ఆయాసపడి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. జనం "గ్యాస్ తగ్గింది" అనుకుని గ్యాస్ పోయిస్తారు. ఎక్కువైన గ్యాస్‌తో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇలా పాడైన కంప్రెసర్లు నా చేతుల మీదుగా లెక్కలేనన్ని పోయాయి. చలికాలం ముచ్చట ఇంకోటి: మామగారు వేడి పెట్టుకున్నప్పుడు యూనిట్ తిరగబడి పనిచేస్తుంది, బయటి గాలిలోని వేడిని లాగి గదిలోకి పంపి తాను చల్లటి గాలి విసురుతుంది. అప్పుడు దాని కింద నీళ్లు కారతాయి కూడా. చదువుకునే గదిలో డిసెంబరు రాత్రి ఆ చల్లగాలి, ఆ తడి ఊహించుకోండి.

జాలీ మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఇంటి ముందువైపు అందం కోసం ఎవరైనా ఔట్‌డోర్ ముందు జాలీ పెట్టాల్సి వస్తే దానిలో మూడొంతులకు పైగా ఖాళీ ఉండాలి. పలకలు కిందికి వంచి ఉంటే గాలి నేలకు తగిలి వెనక్కి వస్తుంది. మీకు ఆ అవసరం లేదు, వదిలేయండి.

సందు ఎందుకు వద్దో చెబుతాను. 150 గజాల ఇళ్ల మధ్య సందు మూడు నాలుగు అడుగులు మించదు. ఔట్‌డోర్ ముందు గాలి బారుగా పోవడానికి కనీసం ఒక మీటరు ఖాళీ కావాలి. యూనిట్ మందం, వెనక వదలాల్సిన జానెడు చోటు పోను మీకు మిగిలేదెంత? వేడి వెళ్లి పక్కింటి గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. అంతకంటే పెద్ద సంగతి ఆ కిటికీ. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబుళ్లు మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇంత పెద్ద ఔట్‌డోర్ గట్టిగా నడుస్తుంటే మీటరు దూరంలో 50 దాటడం మామూలే. మీది అర్ధరాత్రి నడిచే ఏసీ. ఎండాకాలం వాళ్లు కిటికీ తీసి పడుకుంటే వేడిగాలీ మోతా రెండూ వాళ్ల మంచం మీదికే. పక్కింటివాళ్లతో పన్నెండేళ్లుగా బాగున్న సంబంధాన్ని ఆరు మీటర్ల పైపు కోసం చెడగొట్టుకోకండి.

పైగా సందులో మొదటి అంతస్తు ఎత్తున గోడకు వేలాడే యూనిట్‌ను రేపు కడగాలంటే కుర్రాడు ఎక్కడ నిలబడతాడు? సజ్జ మీద ఒక కాలు, కిటికీ ఊచ మీద ఒక కాలు. బెల్టు ఉండదు. మేమంతా అలాగే చేశాం, చేసినంత మాత్రాన అది సరైనది కాదు. నన్ను చోటు చూపించమన్న ప్రతి ఇంట్లోనూ నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: దీన్ని సర్వీసు చేసే మనిషి రెండు కాళ్లూ నేల మీద పెట్టి నిలబడగలడా? డాబా మీద నిలబడగలడు. నా ఓటు డాబాకు పడటానికి సగం కారణం అదే.

డాబా మీద ఎక్కడ పెట్టాలన్నది ఇప్పుడు చూద్దాం. మీ ఇంటికి మెట్ల గది ఉండే ఉంటుంది. దానికి తూర్పు పక్కన పెడితే మధ్యాహ్నం రెండు దాటాక ఆ గది నీడ యూనిట్ మీద పడుతుంది. ఎండ ముదిరే వేళ అదే. దక్షిణం వైపు మండిపోతుందని మనవాళ్లు అంటారు కానీ, ఎండాకాలంలో హైదరాబాద్‌కు అది అంతగా వర్తించదు. మే 9 ప్రాంతంలో సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ రోజు మధ్యాహ్నం నిట్టనిలువు కర్రకు నీడ పడదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అలాగే వస్తాడు. ఈ రెండింటి మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి భయపడాల్సింది పడమర ఎండకు. వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనా వాయవ్యంలోనా అని కూడా చాలామంది అడుగుతారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు పట్టింపు ఉంటే వాళ్లు చెప్పిన మూలలోనే పెట్టండి, గాలి ఆడితే నాకు అభ్యంతరం లేదు.

పిట్టగోడకు మూతి ఆనించి మాత్రం పెట్టొద్దు. ఫ్యాన్ వైపు డాబా మధ్యకు ఉండాలి. వెనక జానెడు, పక్కల అడుగు వదలండి. ఎండ తగులుతోందని రేకుల డబ్బా చేయించి కప్పేవాళ్లున్నారు. అదీ మేస్త్రీ అలమారాకు తమ్ముడే. కావాలంటే మూడు నాలుగడుగుల పైన ఒక రేకు నీడగా వేయండి, నాలుగు పక్కలా తెరిచి ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యం, డాబా స్లాబుకు బోల్టులు కొట్టనివ్వకండి. స్టాండు కదలకూడదని మెకానిక్ డ్రిల్లు తీస్తాడు, నాలుగు బెజ్జాలు వేస్తాడు. వానాకాలం వచ్చేసరికి మామగారి గది సీలింగ్‌లో తడి మచ్చలు. ఏసీ నీళ్లు కారుతోందని మళ్లీ మమ్మల్నే పిలుస్తారు. ముప్పై కిలోల పైచిలుకు యూనిట్ ఎక్కడికీ ఎగిరిపోదు. నాలుగు సిమెంటు దిమ్మెలు పోయించి, వాటి మీద స్టాండు పెట్టి, మధ్యలో మందపాటి రబ్బరు ప్యాడ్లు వేసి, బోల్టులు ఆ దిమ్మెలకు బిగించమనండి. రబ్బరు లేకపోతే కంప్రెసర్ అదురు స్లాబు గుండా దిగి రాత్రిపూట కింద గదిలో 'గూం'మని వినిపిస్తుంది. స్టాండు అడుగు ఎత్తుంటే వాననీళ్లు, చెత్త దూరంగా ఉంటాయి, వేడి పెట్టుకున్నప్పుడు కారే నీళ్లూ హాయిగా డాబా వాలు వెంట పోతాయి. పైపులు కూడా స్లాబుకు కన్నం పెట్టి దించొద్దు. పిట్టగోడ పక్కనుంచి కిందికి దింపి, సజ్జ కింద గోడలోంచి లోపలికి తేవాలి. లోపలికి వెళ్లేచోట పైపును కాస్త కిందికి వంచి మళ్లీ పైకి తెస్తే, పైపు వెంట జారే వాననీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి, గోడలోకి రావు. బయట కనబడే పైపు మీది నల్ల ఫోమ్ ఎండకు రెండేళ్లలో పొడి పొడి అవుతుంది. మీ వైపు కోతులుంటే అన్నాళ్లు కూడా ఆగదు. ప్లాస్టిక్ పైపులోనో ఛానల్లోనో మూసేయించండి.

గ్యాస్ సంగతికి వస్తున్నాను. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే తిరుగుతూ ఉంటుంది, లీకు ఉంటేనే పోతుంది. యూనిట్ దించేముందు ఆ గ్యాస్‌నంతా ఔట్‌డోర్ పెట్టెలోకే లాగి తలుపులు వేసేయవచ్చు. మేం దాన్ని గ్యాస్ లాక్ చేయడం అంటాం. ఔట్‌డోర్ పక్కన రెండు వాల్వులుంటాయి, సన్న పైపుకు ఒకటి, లావు పైపుకు ఒకటి. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ ముందు సన్న పైపు వాల్వు మూస్తారు. ఇక గ్యాస్ పెట్టెలోంచి బయటికి రాదు కానీ లావు పైపు గుండా లోపలికి వస్తూనే ఉంటుంది. ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఒకటి రెండు నిమిషాల్లో సున్నా దగ్గరికి దిగుతుంది. అప్పుడు లావు పైపు వాల్వు మూసి వెంటనే కరెంటు తీసేస్తారు. ఇంతే. మీ ఏసీలోని గ్యాస్ దాదాపు అంతా అందులోనే భద్రంగా ఉంటుంది.

మీది హాట్ అండ్ కోల్డ్ కాబట్టి ఒక జాగ్రత్త. చలిగా ఉందని అది వేడి మోడ్‌లో ఉన్నప్పుడు ఈ పని చేస్తే గ్యాస్ పెట్టెలోకి చేరదు. కచ్చితంగా కూలింగ్‌లోనే చేయాలి. గది ఇప్పటికే చల్లగా ఉండి కంప్రెసర్ మొదలవకపోతే ఇన్వర్టర్లకు టెస్ట్ మోడ్ ఉంటుంది, మెకానిక్‌కు తెలుసు. ముల్లు సున్నా దగ్గరికి వచ్చాక కూడా "ఇంకాస్త" అని నడిపించకూడదు, మిషన్ నడుస్తుండగా నట్లు విప్పకూడదు. లోపలికి గాలి దూరితే ఆ గాలి, నూనె, ఒత్తిడి కలిసి కంప్రెసర్ పేలిన సంఘటనలున్నాయి. వీడియో చూసి ఇంట్లో చేసే పని కాదని అందుకే చెబుతున్నాను. మీరు చేయాల్సిందల్లా పక్కన నిలబడి గేజ్ పెట్టాడా లేదా అని చూడటమే. గేజ్ లేకుండా అంచనాతో లాక్ చేస్తాననేవాడికి టీ ఇచ్చి పంపేయండి.

మరి కొత్తగా గ్యాస్ అసలు అక్కర్లేదా? కొద్దిగా కావచ్చు. కంపెనీ కొన్ని మీటర్ల పైపుకు సరిపడా గ్యాస్ నింపి పంపుతుంది. డాబాకు ఎక్కిస్తే మీ పైపు ఆరేడు మీటర్లకు చేరవచ్చు. కంపెనీ లెక్కకు మించిన ప్రతి మీటరుకూ ఇన్ని గ్రాములు కలపాలని బిగింపు పుస్తకంలో ఉంటుంది, ఈ సైజు యూనిట్లకు చాలా మోడళ్లలో అది మీటరుకు 15, 20 గ్రాముల మధ్య. అంటే మహా అయితే వంద గ్రాముల లోపు మాట. దాన్ని సిలిండర్‌ను కాటా మీద పెట్టి తూచి ఎక్కించాలి. మీ ఏసీ నాలుగేళ్లదంటున్నారు, అందులో ఆర్32 అనే గ్యాస్ ఉండే అవకాశమే ఎక్కువ. పెట్టె మీది స్టిక్కరులో గ్యాస్ పేరు, గ్రాములు రెండూ రాసి ఉంటాయి, ఫోటో తీసుకోండి. ఆర్32కు కొద్దిగా మండే గుణం ఉంది, వాల్వుల దగ్గర పని జరుగుతున్నప్పుడు బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏవీ దగ్గరకు రానివ్వకండి. పైపు గరిష్ఠంగా ఎంత పొడవు, ఎంత ఎత్తు పోవచ్చో కూడా అదే పుస్తకంలో ఉంటుంది. ఒక అంతస్తు ఎత్తు ఈ సైజు ఏసీకి మామూలే.

గ్యాస్ కంటే నేను ఎక్కువగా పట్టించుకునేది వ్యాక్యూమ్, అంటే పైపులోని గాలినంతా పంపుతో లాగేయడం. కొత్త పైపులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. పాత రోజుల్లో ఏం చేసేవాళ్లమంటే, ఒక వాల్వు కొంచెం తెరిచి, గ్యాస్‌ను 'స్స్'మని ఒక క్షణం వదిలి, దాంతో గాలి బయటికి పోయిందనుకునేవాళ్లం. ఇప్పటికీ కొందరు అదే చేస్తారు, అరగంట ఆదా అవుతుంది. పాత గ్యాస్ ఆర్22 రోజుల్లో కంప్రెసర్‌లో వాడింది మినరల్ ఆయిల్ కాబట్టి ఎలాగో నడిచింది. ఆర్32, ఆర్410ఏ గ్యాసుల ఏసీల్లో వాడే నూనె తేమను స్పాంజిలా పీలుస్తుంది, తర్వాత అదే ఆమ్లంగా మారి కంప్రెసర్ వైండింగ్‌ను, అంటే లోపలి రాగి తీగ చుట్టను తినేస్తుంది. వెంటనే ఏమీ కనబడదు, ఏసీ చల్లగానే ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో కంప్రెసర్ పోయినప్పుడు ఈ అరగంట ఎవరికీ గుర్తుండదు. అందుకే వ్యాక్యూమ్ పంపు తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టమనండి. కనీసం ఇరవై నిమిషాలు లాగి, పంపు ఆపి, మరో పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా ఉందేమో చూసి, ఆ తర్వాతే వాల్వులు తెరవాలి. ఆ ముప్పై అయిదు నిమిషాలూ మీరు అక్కడే ఉండండి.

గోడలో పైపు దాచడం మీ ఇష్టం. దాచవచ్చు, నీటుగా ఉంటుంది. కానీ దాచాక తప్పు దిద్దుకోవడమంటే మళ్లీ గోడ పగలగొట్టడమే, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. గోడ లోపల పైపుకు ఎక్కడా అతుకు ఉండకూడదు, ఒకే తుండు ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. రెండు పైపులకూ విడివిడిగా ఫోమ్ వేయాలి. చాలామంది లావు పైపు ఒక్కటే చల్లగా ఉంటుందనుకుని సన్నదాన్ని బట్టతో చుట్టి వదిలేస్తారు. మన స్ప్లిట్ ఏసీల్లో గ్యాస్ చల్లబడే భాగం ఔట్‌డోర్‌లోనే ఉంటుంది కాబట్టి సన్న పైపు కూడా చల్లగానే వస్తుంది. ఫోమ్ లేకపోతే దానికి చెమట పట్టి గోడ మీద బూజు చార కడుతుంది. మీది వేడి కూడా ఇచ్చేది కాబట్టి ఫోమ్ మంచిదే వేయించండి, చలికాలంలో లావు పైపులో వేడి గ్యాస్ పోతుంది. ప్లాస్టరింగ్‌కు ముందు పైపు కొసలు మూసి నైట్రోజన్ నింపి, గేజ్ పెట్టి ఒక రోజంతా అలాగే ఉంచమనండి. మర్నాడు ముల్లు అక్కడే ఉంటే మేస్త్రీని పిలవండి, లేకపోతే లేదు. ఎంత ఒత్తిడికి నింపాలన్నది మీ గ్యాస్‌కు తగ్గట్టు పుస్తకం ప్రకారం ఉండాలి. ఆర్32 నడిచే ఒత్తిడి పాత ఆర్22 కంటే బాగా ఎక్కువ, పాత లెక్కలు పనికిరావు.

లోపలి యూనిట్ నుంచి వచ్చే నీళ్ల పైపును మాత్రం అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మీటరుకు ఒక సెంటీమీటరైనా వాలు ఉండాలి, మధ్యలో పైకి లేచిన వంపు ఉండకూడదు. ఔట్‌డోర్ డాబా మీదికి పోతున్నా ఈ పైపు కిందికే పోవాలన్నది మరచిపోకండి. గ్యాస్ పైపులనూ నీళ్ల పైపునూ కలిపి ఒకే గాడిలో పైకి తీసుకెళ్లిన మేధావులను నేను చూశాను. మూసేముందు ఒక జగ్గు నీళ్లు పోసి అవతల ఎన్ని వచ్చాయో చూడండి.

పైపు వేసిన గోడకు టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది కనబడేలా. ఇది నా ఇంట్లో నేర్చుకున్న పాఠం. మా అబ్బాయి పెళ్లికి ముందు పైగది బాగు చేయించాం. పైపు నేనే వేశాను, పరీక్ష నేనే చేశాను, గర్వంగా కూడా ఉన్నాను. నెల తర్వాత కర్టెన్ రాడ్లు బిగించడానికి వచ్చిన కుర్రాడు నేను బజారుకెళ్లిన సమయంలో సరిగ్గా ఆ పైపులోకే డ్రిల్లు దించాడు. ఇంటికొచ్చేసరికి గదంతా గ్యాస్, కుర్రాడు బిక్కమొహం వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తప్పు వాడిది కాదు. పైపు ఎక్కడుందో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

మీ పాత ఒక టన్ను ఏసీ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాల్సిందే. దాన్ని డాబా ఎక్కించకండి. పన్నెండేళ్ల కిందటిదంటే అందులో ఆర్22 ఉండవచ్చు, స్టిక్కరు చూడండి. ఆ గ్యాస్‌తో కొత్త ఏసీలు తయారు చేయడం మన దేశంలో 2024 చివరితో ఆగిపోయింది. రిపేర్లకు ఇంకొన్నాళ్లు దొరుకుతుంది కానీ ఏటేటా తగ్గిపోయే సరుకది. కొత్త రాగి పైపు, స్టాండు, కూలీ అన్నీ పెట్టి ఈ వయసు మిషన్‌ను మార్చడం ముసలి ఎద్దుకు కొత్త బండి కట్టడమే. బిల్లులో పెద్ద భాగం రాగిదే ఉంటుంది, ఆ రాగిని రేపు కొనబోయే ఏసీ కోసం వేయించండి. కొనబోయే మోడల్‌కు ఏ సైజు పైపులు కావాలో ముందే కనుక్కుని వేయించి, కొసలు గాలి చొరబడకుండా మూసి పెట్టించండి. పాత పైపునే కొత్త ఏసీకి వాడేస్తాననేవాళ్లను నమ్మొద్దు, అందులో పాత నూనె ఉంటుంది. పాత యూనిట్‌ను ఎక్స్‌ఛేంజ్‌కో, గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసుకునే వసతి ఉన్నవాళ్లకో ఇవ్వండి. ఇనప సామాను అతనికిస్తే పైపు కోసి గ్యాస్ గాల్లోకి వదిలేస్తాడు. ఆ గ్యాస్ ఓజోన్ పొరను తినేది.

పని జరిగినన్నాళ్లూ దించిన ఔట్‌డోర్‌ను నిలువుగానే ఉంచండి, పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె పైపుల్లోకి పాకుతుంది. వాల్వులకు, విప్పిన పైపు కొసలకు మూతలు ఉన్నాయో లేదో మీరే చూడండి. సిమెంటు దుమ్ము ఒక చిటికెడు లోపలికి పోయినా సన్నటి దారులు మూసుకుపోతాయి. లోపలి యూనిట్‌ను గోడ మీదే వదిలేస్తే ప్లాస్టిక్ కవరుతో కట్టేయండి. టైల్స్ కోసేటప్పుడు, పుట్టీ రుద్దేటప్పుడు వేరే గదిలో ఏసీ ఉన్నా ఆపేయండి. ఆ దుమ్ము తడి కాయిల్ మీద పడితే గచ్చులా గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత కడిగినా పూర్తిగా రాదు.

కరెంటు మాట క్లుప్తంగా. ఎలక్ట్రీషియన్‌తో ఈ ఏసీకి మెయిన్ నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, దానికి తగ్గ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్ వేయించండి. లోపలి యూనిట్ నుంచి ఔట్‌డోర్‌కు పోయే వైరు పొడవు చాలకపోతే అతికి టేపు చుట్టడం వద్దు, మొత్తం కొత్తది వేయాలి. ఇన్వర్టర్ ఏసీల్లో రెండు యూనిట్లూ ఆ వైరు మీదే మాట్లాడుకుంటాయి. అతుకు వదులైతే ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోతుంది, పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు, పోయిందని మీ చేత డబ్బు పెట్టిస్తారు.

దసరా తర్వాత మొదలుపెడితే పని నవంబరు దాకా సాగుతుంది, మేస్త్రీలు చెప్పే రోజుల్ని ఒకటిన్నరతో హెచ్చవేసుకోవడం నా అలవాటు. చలి ముదిరేలోపు మామగారి గది ముందు పూర్తి చేయమనండి, చదువు గది వెనక్కి జరిగినా ఫర్వాలేదు. ఈలోగా రాత్రిళ్లకు ఆయనకు ఆయిల్ హీటరు ఒకటి అద్దెకో అరువుకో తెచ్చి పెట్టండి. కరెంటు ఎక్కువే తాగుతుంది, ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది, హీటరు ఒకటికి ఒకటే ఇస్తుంది. నెలరోజుల ముచ్చటే కదా.

వారంటీ కార్డు వెతికి పెట్టుకోండి. కంప్రెసర్‌కు ఇంకా వారంటీ ఉంటే, బయటి మెకానిక్‌తో మార్పిస్తే అది చెల్లుతుందా అని కంపెనీ సర్వీసుకు ముందే ఫోన్ చేసి అడగండి. చెల్లదంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా వాళ్లతోనే చేయించండి. ఎవరితో చేయించినా కూలీలో కొంత ఆపి పెట్టండి, బిగించాక అరగంట చల్లగా, అరగంట వేడిగా నడిపి చూశాకే ఇవ్వండి. చాలామంది కూలింగ్ ఒక్కటే చూసి సంతకం పెట్టేస్తారు, వేడి రావడం లేదని జనవరిలో తెలుస్తుంది.

దించే ముందు రోజు రాత్రి కూడా అదే చేయండి. కాసేపు చల్లగా, కాసేపు వేడిగా నడిపి, గాలి వచ్చేచోట ఒక థర్మామీటరు పెట్టి, డిస్‌ప్లే, ఔట్‌డోర్ చప్పుడు అన్నీ కనబడేలా, వినబడేలా ఫోన్‌లో వీడియో తీయండి. "ముందే ఇలా ఉందమ్మా" అని ఎవరైనా అన్నప్పుడు ఆ వీడియో చూపించవచ్చు.